390 డ్యూక్ ఈసీయూ రీట్యూనింగ్: స్లో స్పీడ్ కుదుపులు తగ్గించే పని, మొదటి నుంచి చివరిదాకా

సాయంత్రం ఆరింటికి బెజవాడ బెంజి సర్కిల్ దగ్గర ట్రాఫిక్‌లో రెండో గేరులో పాకుతుంటే నా కేటీఎం 390 డ్యూక్ బైకు ముందుకీ వెనక్కీ ఊగేది. యాక్సిలరేటర్ వెంట్రుకవాసి తిప్పితే ఎగిరి దూకేది. వదిలితే వెనక నుంచి ఎవరో చొక్కా పట్టి లాగినట్టు ఆగేది. అదే బండి హైవే ఎక్కి ఆరు వేల ఆర్పీఎం దాటిందంటే నూనె పోసినట్టు పోయేది. నాది 2014 మోడల్, కేబుల్ థ్రాటిల్ ఉన్న మొదటి తరం. 373 సీసీ, ఒకటే సిలిండర్, 43 గుర్రాల బలం. ఈ బండి నడిపినవాళ్లలో ఈ బాధ తెలియనివాళ్లు తక్కువే.

దీన్ని దారికి తేవడానికి నాకు నాలుగు నెలల ఆదివారాలు పట్టాయి. అందులో మ్యాప్ (ఇంజన్‌ని నడిపే కంప్యూటర్ అయిన ఈసీయూలోని పెట్రోల్ లెక్కల పట్టిక) మార్చిన పని చివరి మూడు వారాలే. మిగతా కాలమంతా చైన్, కేబుల్, రబ్బర్లు, సైలెన్సర్ లీకులతోనే పోయింది. ఆ వరసలోనే చెబుతాను, ఎందుకంటే వరస తప్పితే పని రెండింతలవుతుంది. నాకు అయింది.

ముందు కుదుపు ఏ రకమో తేల్చండి

"జర్క్ కొడుతోంది" అని మెకానిక్‌కి చెబితే ఆయనేం చేస్తాడు, ప్లగ్ తీసి తుడుస్తాడు. మీరే ఖాళీ రోడ్డు మీద ఒక అరగంట గడిపి రాసుకోండి.

మూడో గేరులో 40 దగ్గర యాక్సిలరేటర్ కదపకుండా పట్టుకోండి. చెయ్యి కదలకపోయినా బండి దానంతటదే కొంచెం లాగి, కొంచెం వదిలి, మళ్లీ లాగుతుంటే అది గాలి, పెట్రోల్ మిశ్రమం పలచబడ్డ (పెట్రోల్ తక్కువైన) లక్షణం. ట్యూనింగ్‌తో బాగా నయమయ్యేది ఇదే. చెయ్యి పూర్తిగా వదిలి మళ్లీ మెల్లగా తెరిచినప్పుడు మాత్రమే ఠక్కుమని తగులుతుంటే సగం తప్పు చైన్‌ది, కేబుల్‌ది. సగం ఈసీయూది. ఇక నాలుగో గేరులో 2,500 ఆర్పీఎం దగ్గర గడగడలాడుతుంటే అది జబ్బు కాదు, పెద్ద సింగిల్ సిలిండర్ స్వభావం. గేరు తగ్గించండి. అంతకీ కావాలంటే ముందు స్ప్రాకెట్ 15 పళ్లది తీసి 14 పళ్లది వేసుకోండి. లాప్‌టాప్ కన్నా చవక.

లాప్‌టాప్ తెరవకముందు

చైన్ మాన్యువల్‌లో చెప్పిన బిగువుకు పెట్టండి. వెనక చక్రం తిప్పుతూ నాలుగైదు చోట్ల చూడాలి. ఒకచోట బిగుతుగా, ఇంకోచోట వదులుగా ఉంటే చైన్ సెట్ ఆయుష్షు అయిపోయినట్టే. తర్వాత బండి గేరులో పెట్టి, వెనక చక్రాన్ని చేత్తో ముందుకూ వెనక్కూ ఆడించండి. స్ప్రాకెట్ కదలకుండా చక్రం మాత్రమే ఆడితే హబ్ రబ్బర్లు అరిగాయి. నా బండిలో అవి ఎండు ఖర్జూరం లాగా ముడుచుకుపోయి ఉన్నాయి. మార్చిన రోజే కుదుపు మూడో వంతు తగ్గింది. అప్పటికి ఈసీయూ జోలికి ఇంకా వెళ్లనే లేదు.

యాక్సిలరేటర్ కేబుల్ ఖాళీ ఆట ఎంతుందో చూడండి. హ్యాండిల్ దగ్గర మూడు మిల్లీమీటర్లు దాటి ఉంటే మీ చెయ్యి ముందు గాలిలో తిరిగి, తర్వాత ఒక్కసారిగా థ్రాటిల్‌ని అందుకుంటోంది. ఆ దూకుడుకి మ్యాప్‌లో మందు లేదు.

థ్రాటిల్ బాడీ (ఇంజన్‌లోకి పోయే గాలిని పలకతో అదుపు చేసే భాగం) విప్పితే పలక అంచు చుట్టూ నల్లటి మసి వలయం కనిపిస్తుంది. సరిగ్గా ఆ అంచు దగ్గరే మొదటి రెండు మూడు శాతం గాలి పోతుంది కాబట్టి, స్లో స్పీడ్ మర్యాదంతా ఆ వలయం చేతిలో ఉంది. థ్రాటిల్ బాడీ క్లీనర్‌తో, మెత్తటి గుడ్డతో తుడవండి. పలకను ఆపే స్క్రూకి కంపెనీ రంగు వేసి ఉంటుంది, దాన్ని ముట్టుకోవద్దు. బిగించేటప్పుడు థ్రాటిల్ బాడీకీ హెడ్‌కీ మధ్య రబ్బరులో పగుళ్లున్నాయేమో వేలితో వంచి చూడండి. అక్కడ లోపలికి గాలి పీలిస్తే ఎంత గొప్ప మ్యాప్ అయినా వృథా. ట్యాపెట్ల గ్యాప్, ప్లగ్, ఎయిర్ ఫిల్టర్, బ్యాటరీ సంగతి నేను ప్రత్యేకంగా చెప్పక్కర్లేదు.

ఒక్క పరీక్ష మాత్రం వదలొద్దు. థ్రాటిల్ ఎంత తెరుచుకుందో ఈసీయూకి చెప్పే థ్రాటిల్ పొజిషన్ సెన్సార్‌కి ఐదు వోల్టులు వస్తాయి. మూసి ఉన్నప్పుడు సిగ్నల్ సాధారణంగా అర వోల్టు దగ్గర ఉంటుంది. మల్టీమీటర్ పెట్టి, ఇంజన్ ఆపి తాళం ఆన్ చేసి, యాక్సిలరేటర్ చాలా మెల్లగా తిప్పండి. అంకె ఆగకుండా పైకి పోవాలి. మధ్యలో వెనక్కి తగ్గినా, ఎగిరినా సెన్సార్ లోపలి పట్టీ అరిగింది. రోజూ అదే చోట చెయ్యి పెట్టి నడుపుతాం కదా, అక్కడే అరుగుతుంది.

ఈసీయూ ఏం చేస్తోంది, ఎందుకు కుదుపుతోంది

ఈసీయూలో ఉండేది ఒక పెద్ద గళ్ల పట్టిక. నిలువుగా ఆర్పీఎం, అడ్డంగా థ్రాటిల్ శాతం. ప్రతి గడిలోనూ పెట్రోల్ చల్లే ఇంజెక్టర్ ఎన్ని మిల్లీసెకన్లు తెరవాలో ఉంటుంది. గాలి వేడి, ఇంజన్ వేడి, గాలి పీడనం చూసి ఆ అంకెని సర్దుకుంటుంది. నిలకడగా నడుపుతున్నప్పుడు సైలెన్సర్ బెండు పైపులో ఉన్న ఆక్సిజన్ సెన్సార్ చెప్పినట్టు ఇంకో సర్దుబాటు చేస్తుంది. దీన్నే క్లోజ్డ్ లూప్ అంటారు. ఆ సెన్సార్‌కి తెలిసినవి రెండే మాటలు: ఎక్కువైంది, తక్కువైంది. కాబట్టి ఈసీయూ లాంబ్డా 1 చుట్టూ అటూ ఇటూ ఊగుతూనే ఉంటుంది. పొగని శుభ్రం చేసే క్యాటలిటిక్ కన్వర్టర్ పనిచేయాలంటే అలాగే ఊగాలి కూడా.

లాంబ్డా 1 అంటే పెట్రోల్ మొత్తం కాలడానికి సరిగ్గా సరిపడా గాలి. 1 కన్నా తగ్గితే చిక్కన, పెరిగితే పలచన. పొగకి మంచిదే. కానీ స్పోర్ట్స్ కామ్ (వాల్వులని ఎక్కువసేపు తెరిచి ఉంచే ఇరుసు) ఉన్న సింగిల్ సిలిండర్‌లో, తక్కువ ఆర్పీఎం దగ్గర, థ్రాటిల్ చీలిక మాత్రమే తెరుచుకున్నప్పుడు, కాలిపోయిన పొగ కొంత సిలిండర్‌లోనే మిగిలిపోతుంది. ఆ పొగ కలిసిన మిశ్రమం ఒకసారి బాగా అంటుకుంటుంది, మరోసారి నసుగుతుంది. నాలుగు సిలిండర్ల బండిలో పక్క సిలిండర్ ఆ లోటు పూడుస్తుంది. ఇక్కడ పూడ్చేవాళ్లు లేరు, నేరుగా మీ నడుముకి తెలుస్తుంది. అక్కడ మిశ్రమం రవ్వంత చిక్కగా చేస్తే మంట త్వరగా, ప్రతిసారీ ఒకేలా పాకుతుంది. మనం చేయబోయే పనంతా ఇంతే.

బంకులో పెట్రోల్ కూడా మారింది. ఇథనాల్ లేని పెట్రోల్ ఒక పాలుకి గాలి 14.7 పాళ్లు అయితే, 10 శాతం ఇథనాల్ కలిస్తే 14.1, 20 శాతం కలిస్తే 13.5 చుట్టుపక్కలకి దిగుతుంది. పాత బండిలో ఆక్సిజన్ సెన్సార్ మాట వినని ఓపెన్ లూప్ గడుల్లో, ఈ10 నుంచి ఈ20కి మారగానే మిశ్రమం 3 నుంచి 4 శాతం పలచబడుతుంది. అందుకే మిశ్రమం కొలిచే మీటర్‌లో 14.7, 13.2 లాంటి అంకెలు చూడొద్దు. లాంబ్డా చూడండి, ఏ పెట్రోల్ పోసినా దాని అర్థం మారదు.

ఏ దారిలో వెళ్లాలి

రెండు దారులున్నాయి. ఈసీయూ లోపలి ఫైలునే చదివి, మార్చి, తిరిగి రాయడం ఒకటి. ఫ్లాషింగ్ అంటారు. ట్రయంఫ్, పెద్ద కేటీఎం బండ్లున్నవాళ్లు ట్యూన్‌ఈసీయూ సాఫ్ట్‌వేర్‌తో ఇంట్లోనే చేసుకుంటారు. ఆ దారి పడితే ముందు కంపెనీ ఫైలు చదివి రెండు చోట్ల దాచండి. రాసేటప్పుడు బ్యాటరీకి చార్జర్ తగిలించి ఉంచండి. మధ్యలో కరెంటు పడిపోతే ఈసీయూ ఇటుక అయిపోతుంది.

రెండోది పిగ్గీబ్యాక్ అనే చిన్న పెట్టె. ఈసీయూకీ ఇంజెక్టర్‌కీ మధ్య కూర్చుని, ఈసీయూ ఇచ్చిన మిల్లీసెకన్లకి మీరు చెప్పిన శాతం కలుపుతుంది, లేదా తీసేస్తుంది. బెంగళూరు రేస్ డైనమిక్స్ వాళ్ల పవర్‌ట్రానిక్ మన దగ్గర బాగా కనిపించేది. నేను ఈ దారే ఎంచుకున్నాను. కారణం ఒకటే, నచ్చకపోతే పది నిమిషాల్లో కనెక్టర్లు పీకి బండిని కంపెనీ స్థితికి తెచ్చుకోవచ్చు.

చట్టం మాట దాచను. మోటారు వాహనాల చట్టం 1988లోని 52వ సెక్షన్ బండిలో మార్పులకు హద్దులు గీస్తుంది. 2019 సవరణతో వచ్చిన 182ఎ ప్రకారం అనుమతి లేని మార్పుకి యజమానికి ఒక్కో మార్పుకి 5,000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ పడొచ్చు. వారంటీలో ఉన్న బండి జోలికి వెళ్లకండి. క్యాటలిటిక్ కన్వర్టర్ తీసేయడం, పొగ పెంచడం ఈ పనిలో భాగం కాదు. ఎవరైనా "క్యాట్ తీసేద్దాం అన్నా, స్మూత్ అయిపోద్ది" అంటే అక్కడి నుంచి లేచి వచ్చేయండి.

వైరింగ్‌లో ఒక్క జాగ్రత్త: పెట్టె ఎర్త్ వైరు చాసిస్‌కి కాదు, నేరుగా బ్యాటరీ నెగెటివ్‌కి వేయండి. క్రాంక్ సెన్సార్ వైరుని ఇగ్నిషన్ కాయిల్ పక్క నుంచి తీసుకెళ్లొద్దు. తర్వాత సాఫ్ట్‌వేర్‌లో థ్రాటిల్ మూసిన చోటు, పూర్తిగా తెరిచిన చోటు నేర్పించండి. ఇది మరిచిపోతే గడులన్నీ పక్కకి జరిగిపోతాయి.

వైడ్‌బ్యాండ్ లేకుండా మొదలుపెట్టొద్దు

కంపెనీ సెన్సార్ ఎక్కువా తక్కువా మాత్రమే చెబుతుందన్నాను కదా. ఎంత ఎక్కువో చెప్పేది వైడ్‌బ్యాండ్. బాష్ ఎల్‌ఎస్‌యూ 4.9 సెన్సార్ ఉన్న కంట్రోలర్ ఏదైనా సరే. కొనలేకపోతే కొన్నాళ్లకి ఎవరి దగ్గరైనా అడిగి తెచ్చుకోండి.

దాన్ని బిగించే బుడిపెకి 18 మిల్లీమీటర్ల మర ఉంటుంది. క్యాటలిటిక్ కన్వర్టర్‌కి ముందే బెండు పైపుకి వెల్డింగ్ చేయించాలి. ఆటోనగర్‌లో పైపు విప్పి తీసుకెళ్తే అరగంట పని. సెన్సార్ మూతి కిందికి చూసేలా, అడ్డగీతకి కనీసం పది డిగ్రీలు పైకెత్తి పెట్టించండి. పడుకోబెడితే పైపులో చేరిన నీటి చుక్క వేడి సెరామిక్ మీద పడి పగులుతుంది. సెన్సార్ హీటర్‌కి తాళం ఆన్ చేస్తేనే కరెంటు వచ్చేలా, ఫ్యూజ్‌తో వైరు వేయండి. కరెంటు లేని సెన్సార్‌ని పొగలో ఉంచి బండి నడిపితే కొద్దిరోజుల్లో చస్తుంది.

ఇక్కడే నేను మూడు వారాలు పోగొట్టుకున్నాను. పైపు తిరిగి బిగించేటప్పుడు హెడ్ దగ్గర పాత గ్యాస్‌కెట్‌నే వాడాను. వంద రూపాయల పిసినారితనం. ఆ సందులోంచి బయటి గాలి పైపులోకి పోయి, మీటర్ 1.12 చూపించింది. "అమ్మో, ఇంత పలచనా" అనుకుని గడుల్లో 12 శాతం కలిపాను. బండి మెత్తబడింది, నిజమే. కానీ సిగ్నల్ దగ్గర ఆగితే పెట్రోల్ వాసన. మైలేజీ 27 నుంచి 21కి పడింది. ప్లగ్ తీస్తే కాటుక. చివరికి చల్లటి ఇంజన్ స్టార్ట్ చేసి, పైపు మూలన సబ్బు నీళ్లు చల్లితే బుడగలు వచ్చాయి. మీరు ఈ సబ్బు నీళ్ల పని ముందే చేయండి, పైపు వేడెక్కక ముందు.

లాగ్ తీయడం

ఉదయం ఐదున్నరకి ఉండవల్లి కరకట్ట మీదికి వెళ్లేవాణ్ని. వాహనాలు తక్కువ, రోడ్డు చదును. ఇంజన్ బాగా వేడెక్కాకే లాగ్ (నడుస్తుండగా అంకెల రికార్డింగ్) మొదలుపెట్టాలి. లాప్‌టాప్ వీపు సంచిలో పెట్టి, తెర చూడకుండా నడపాలి. నడుపుతూ అంకెలు చూడటం చావుని పిలవడమే.

మూడో గేరులో 3,000 దగ్గర మొదలుపెట్టి, ఒక్కో చోట చెయ్యి కదపకుండా నాలుగైదు సెకన్లు ఉండండి. తర్వాత 3,500, 4,000, 4,500. అలాగే పోయి, అలాగే వెనక్కి రండి. గాలివాటం రెండు వైపులా సరిసమానమవుతుంది. చెయ్యి నిలకడగా ఉండటం ఎందుకంత ముఖ్యమంటే, సిలిండర్‌లో కాలిన పొగ సెన్సార్‌ని చేరి అంకెగా మారడానికి కొంత సమయం పడుతుంది. మీరు యాక్సిలరేటర్ కదుపుతూ ఉంటే ఒక గడి తప్పు పక్క గడి ఖాతాలో పడుతుంది.

ఇంటికొచ్చి ఫైలు ఎక్సెల్‌లో తెరవండి. సెకనుకి పదిసార్లు రాసే లాగ్ అయితే ఇరవై నిమిషాలకి 12 వేల వరసలు. వాటిలో థ్రాటిల్ ఒక సెకను పాటు ఒక్క శాతం కన్నా ఎక్కువ కదిలిన వరసలన్నీ కొట్టేయండి. మిగిలినవాటికి గడులవారీగా సగటు తీయండి. ముప్పై రీడింగులు కూడా లేని గడిని నమ్మొద్దు. నాకు చివరికి పనికొచ్చినవి ఇరవై గడులు లోపే. స్లో స్పీడ్ కుదుపులకి అవే చాలు: థ్రాటిల్ 2 నుంచి 12 శాతం, ఆర్పీఎం 2,500 నుంచి 5,000.

గడులు మార్చడం

లెక్క సులువు. కొలిచిన లాంబ్డాని కావాల్సిన లాంబ్డాతో భాగించండి. నా బండిలో 4 శాతం థ్రాటిల్, 3,500 ఆర్పీఎం గడిలో కొలత 1.06. నాకు కావాల్సింది 0.97. భాగిస్తే 1.09, అంటే 9 శాతం కలపాలి. కానీ మొదటిసారి సగమే కలపండి, 4 చాలు. మళ్లీ లాగ్ తీసి చూడండి. మీరు ఒక గడి మార్చితే బండి ఆ గడిలో కూర్చునే తీరు మారుతుంది, పక్క గడిలోకి జరుగుతుంది.

లక్ష్యాలు నేను పెట్టుకున్నవి ఇవి: నిలకడగా పోయేచోట 0.97 నుంచి 1.0, యాక్సిలరేటర్ అందుకునే చిన్న థ్రాటిల్ గడుల్లో 0.95 నుంచి 0.97, పూర్తిగా తెరిస్తే 0.87 నుంచి 0.90. అంతకన్నా చిక్కగా చేస్తే మెత్తదనం పెరగదు, సిలిండర్ గోడల మీది ఆయిల్ కడుక్కుపోతుంది.

ఇప్పుడు అసలు గుట్టు. మొదటి ప్రయత్నంలో 3,500 వరసలో నా అంకెలు 0, 0, 9, 0, 0 అని ఉన్నాయి. కొలతల ప్రకారం అది సరైనదే. నడిపితే పాత కుదుపు పోయి, కొత్త కుదుపు వచ్చింది. ఆ గడిలోకి పోతుంటే స్పీడ్ బ్రేకర్ ఎక్కినట్టు, దిగుతుంటే గుంతలో పడ్డట్టు. తర్వాత అదే వరసని 2, 4, 6, 4, 2గా మార్చాను. కొలతలో రెండు గడులు లక్ష్యానికి కొంచెం దూరంగానే ఉండిపోయాయి. కానీ చేతికి ఒకే వాలు తగిలింది. పక్క గడికీ దీనికీ మూడు శాతం కన్నా తేడా ఉండకూడదని ఆరోజే నియమం పెట్టుకున్నాను. అడ్డంగానే కాదు, నిలువుగానూ.

క్లోజ్డ్ లూప్ మీ కష్టాన్ని చెరిపేస్తుంది

మీరు 6 శాతం కలిపారు. ఆక్సిజన్ సెన్సార్ "ఎక్కువైంది" అంటుంది. ఈసీయూ 6 శాతం తీసేస్తుంది. రెండు రోజుల్లో బండి మొదటికొస్తుంది. "ట్యూనింగ్ చేయించిన రోజు బాగుంది, వారానికి మళ్లీ మామూలే" అని చాలామంది అనేది ఇందుకే. కొన్ని ఈసీయూలు ఈ నేర్చుకున్న తగ్గింపుని సెన్సార్ మాట వినని పై గడులకి కూడా అంటిస్తాయి. అప్పుడు పూర్తి థ్రాటిల్‌లో మిశ్రమం పలచబడి ఇంజన్‌కే ప్రమాదం.

సెన్సార్‌ని పూర్తిగా మోసం చేసే ముక్కలు దొరుకుతాయి. నాకు ఇష్టం లేదు. మైలేజీ, పొగ రెండూ చెడతాయి. నేను చేసిందేమిటంటే, 50 పైన నిలకడగా పోయే గడులన్నీ సున్నాకి పెట్టి కంపెనీ చేతికే వదిలేశాను. నా మార్పులు చిన్న థ్రాటిల్, తక్కువ ఆర్పీఎం గడులకే. అక్కడ చెయ్యి ఎప్పుడూ కదులుతూనే ఉంటుంది కాబట్టి క్లోజ్డ్ లూప్ కుదురుకునే తీరిక తక్కువ. పూర్తి గెలుపు కాదు, రాజీ.

యాక్సిలరేటర్ పూర్తిగా వదిలినప్పుడు ఈసీయూ ఇంజెక్టర్‌నే ఆపేస్తుంది. మళ్లీ తెరిచినప్పుడు తగిలే ఠక్కు అక్కడి నుంచే. ఇంజెక్టర్ సిగ్నలే లేనిచోట పిగ్గీబ్యాక్ ఏం కలుపుతుంది? ఏదీ కలపలేదు. మొదటి 2 శాతం గడిని కొంచెం చిక్కగా చేసుకుని, మిగతాది చైన్ బిగువుతో, చేతివాటంతో సర్దుకోవాలి. ట్రాఫిక్‌లో పూర్తిగా వదిలేయకుండా వెనక బ్రేక్ మీద కాలు ఆనించి నడపడం అలవాటు చేసుకుంటే సగం ఠక్కులు పుట్టవు.

ఇగ్నిషన్ టైమింగ్ (ప్లగ్ నిప్పు రవ్వ ఎప్పుడు వేయాలనేది) గురించి రెండు ముక్కలే. మొదటిసారి ముట్టుకోవద్దు. పెట్రోల్ గడులన్నీ కుదిరాక, చిన్న థ్రాటిల్ గడుల్లో ఒకటి రెండు డిగ్రీలు ముందుకి జరిపి చూడొచ్చు. పూర్తి థ్రాటిల్ వైపు మాత్రం వెళ్లకండి. ఎక్కువ కంప్రెషన్ ఇంజన్, బంకులో మామూలు పెట్రోల్, పైన బెజవాడ ఎండ. నాకింగ్ (సిలిండర్‌లో మిశ్రమం అదుపు తప్పి పేలడం) మొదలైతే మీ చెవికి వినబడేలోపే పిస్టన్‌కి దెబ్బ తగులుతుంది.

తేడా నిజమా, మన భ్రమా

డబ్బు పెట్టి, నిద్ర మాని చేసిన పని కదా, బాగున్నట్టే అనిపిస్తుంది. అందుకే మా తమ్ముణ్ని పిలిచాను. పెట్టెలో ఒక మ్యాప్ అన్నీ సున్నాలు, ఇంకోటి నాది. ఏది ఏదో చెప్పకుండా, ప్రతిసారీ రెండు మ్యాప్‌లతోనూ నడిపిస్తూ, ఆరుసార్లు బందరు రోడ్డు మీదికి పంపాను. వాడు ఐదుసార్లు నా మ్యాప్‌నే "ఇది బాగుంది" అన్నాడు. ఆరోసారి సున్నాల మ్యాప్‌కి కూడా అదే మాట అన్నాడు, టిఫిన్‌కి టైమైందని.

తర్వాత నాలుగు ట్యాంకులు నింపి మైలేజీ చూశాను, 26 వచ్చింది. పీయూసీ (పొల్యూషన్ పరీక్ష) చేయించాను, పాసయింది. ఫైలు పేరులో తేదీ, పెట్రోల్ రకం, స్ప్రాకెట్ పళ్లు రాసి దాచాను. వైడ్‌బ్యాండ్ సెన్సార్ విప్పేసి, బుడిపెకి బోల్టు బిగించాను.

ఈ మ్యాప్ డిసెంబరు, జనవరి చలిలో తయారైంది. మే నెలలో సెన్సార్ మళ్లీ పెట్టి ఒకసారి లాగ్ తీస్తే 3,000 దగ్గర రెండు గడుల్లో ఒక్కో శాతం తగ్గించాల్సి వచ్చింది. ఇప్పుడు బండిలో ఉన్నది ఆ ఫైలే.